మూడో మెట్టు

ఆచారి పోయాడన్న సంగతి నాకు కండక్టరు చెప్పాడు. ధర్మవరం నుంచి వచ్చిన మధ్యాహ్నం బస్సు దిగి, టికెట్ల సంచి చంకన పెట్టుకుని, చెంబెత్తి నీళ్లు తాగి, మూతి తుడుచుకుంటూ, "నీకు తెలిసే ఉంటాది లేప్పా, మన బాడీ ఆచారి పోయినాడంట. ఎనిమిది దినాలాయెనంట" అన్నాడు. నాకు తెలియదు. ఆ ఎనిమిది రోజులూ నేను వేళకు అన్నం తిన్నాను, టైర్లు ఆలస్యంగా పంపారని ఎవరితోనో పోట్లాడాను కూడా. అంతకుముందు మూడేళ్లుగా ఆయన ఎట్లా ఉన్నాడని అడిగిన పాపాన పోలేదు. ఇంక ఎనిమిది రోజుల లెక్క నాకెందుకు?

పేరు రాయను. హిందూపురంలో ఆయన్ను పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. బస్సుల ఓనరు మా మేనమామ. ఆయనకు ఈయన ఆచారి. బస్సులకు బాడీలు కట్టేవాడు కాబట్టి డ్రైవర్లకు బాడీ ఆచారి. షెడ్డు వీధిలో బొరుగులమ్మే అవ్వకు మాత్రం "ఏమబ్బా". నేను కూడా ఆచారీ అనే పిలిచాను, నువ్వు అనే మాట్లాడాను. ఆయన వయసులో సగం కూడా లేనివాణ్ణి. అది తప్పని అప్పట్లో నాకు తోచలేదు.

ఆచారికి మనుషుల మొహాలు గుర్తుండేవి కావు. కాళ్లు గుర్తుండేవి. "నిన్న వచ్చె గదప్పా, ఎడమకాలు రోంత ఈడ్చే ఆయప్ప" అంటే అది మామ స్నేహితుడైన ఫలానా లేపాక్షి ఆసామి అని మేము అర్థం చేసుకోవాలి. బస్టాండులోకి బస్సు వచ్చి ఆగిందంటే అందరూ సీటుందా అని కిటికీల్లోకి చూస్తారు. ఈయన తలుపు పక్కన గొంతుకూర్చుని ఎక్కేవాళ్ల పాదాలు చూసేవాడు. ఎవరు ఏ కాలు ముందు పెడుతున్నారు, ఎవరు కమ్మీ పట్టుకుంటున్నారు, ఎవరు ఎక్కబోయి ఒక క్షణం ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. చెవిమీద పెన్సిలు, దవడలో ఆకువక్క. బస్సు కదిలేదాకా అక్కడి నుంచి లేచేవాడు కాదు.

ఒక సంతరోజు అగళి వైపు నుంచి వచ్చిన ఒకామె అది చూసి కస్సుమంది. "ఏమయ్యో, ముసలోడా! ఆడోళ్ల కాళ్లు చూసేకి సిగ్గు ల్యా నీకు? దుడ్లిచ్చి ఎక్కుతాండాం, ఊరికే కాదు!"

చుట్టూ ఉన్నవాళ్లు ఇదేదో బాగుందని దగ్గరికి జరిగారు. ఆచారి లేవలేదు. "నీ కాలెవరు చూసిరి తల్లీ! నా మెట్టు చూస్తాండా. నీకది ఎత్తయిందా లేదా, అది చెప్పు ముందు."

ఆమె మెట్టు వైపు చూసింది. ఒక కాలు మెట్టుమీద పెట్టి, దించి, మళ్లీ పెట్టి, నిజంగానే ఆలోచించింది. "రోంత ఎత్తే" అని చెప్పి ఎక్కి కూర్చుంది. మరుసటి రోజు ఆ బస్సు రోడ్డు మీదికి పోలేదు. షెడ్డులో నిలబెట్టి మెట్టును అంగుళం కిందికి దించాడు. ఒక ట్రిప్పు పోయిందని మామ ఎగిరెగిరి పడ్డాడు. ఆచారి అంతా విని, ఆకువక్క ఉమ్మి వచ్చి, "ఆడమనిషి చీర మోకాలికెత్తకుండా బస్సెక్కాల. ఆ పైన నువ్వు దానికి బంగారు రేకు కొట్టుకో, నాకేం" అన్నాడు.

ఆయన సిద్ధాంతమంతా ఆ ఒక్క మాటే. ఇంకో మాట లేదు.

మా మామకు అప్పుడు మూడు బస్సులు. మూడూ హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరానికి నడిచేవి. మూడూ మూతి బస్సులే, అంటే ఇంజను ముందుకు పొడుచుకొచ్చి, డ్రైవరు దాని వెనక కూర్చునేవి. ఇంజనూ చక్రాలూ ఉన్న చాసీ మద్రాసు నుంచి వచ్చేది. పైన బాడీ మాత్రం మా షెడ్డులోనే కట్టేవాళ్లం. "ఎముకలు వాళ్లిస్తారు, ఒళ్లు మనం పోయాల" అనేవాడు ఆచారి. కట్టె ఫ్రేములు, వాటిమీద రేకు, రివెట్లు. బాడీ అంతా అయ్యాక ఒక తతంగం ఉండేది. దాన్ని ఆయనే పెట్టుకున్నాడు, ఏ శాస్త్రంలోనూ లేదు.

బొరుగులవ్వను పిలిపించేవాడు.

అవ్వ మహా అయితే నాలుగడుగుల చిల్లర ఎత్తు. అప్పటికే డెబ్బై దాటి ఉంటాయి. వారానికోసారి బొరుగుల గంప నెత్తిన పెట్టుకుని పెనుకొండకు పోయి అమ్ముకుని, అక్కడున్న కూతుర్ని చూసుకుని వచ్చేది. కొత్త బస్సు పూర్తయిన రోజు అవ్వ నెత్తిన నిండు గంపతో రావాలి. రెండు చేతులూ గంపమీదే ఉండాలి, కమ్మీ ముట్టుకోకూడదు. చీర ఎత్తకూడదు. అట్లా రెండు మెట్లెక్కి లోపలికి పోవాలి. పోయిందా, బస్సు అయిపోయినట్టు. తడబడిందా, మెట్టు ఊడదీయాల్సిందే. ఎక్కిన తర్వాత అవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి, "బాగుండాదిలే అబ్బా" అనేది. ఆయన ఆమె చేతిలో కొబ్బరిచిప్ప, ఆకులు, వక్క పెట్టి మొక్కేవాడు. ఓనరు ఎక్కేది ఆ తర్వాతే. మా కంపెనీలో "బస్సు రెడీ ఐందా" అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. "అవ్వ ఎక్కిందా" అని అడిగేవాళ్లు. మామ కూడా అట్లాగే అడిగేవాడు, తిట్టుకుంటూనే.

ఇదంతా నేను బెంగుళూరులో మూడేళ్లు చదివి, డిప్లొమా పట్టుకుని, ప్యాంటు వేసుకుని వచ్చేనాటికే నడుస్తున్న వ్యవహారం. నాకది వింతగా ఉండేది. నవ్వుకునేవాణ్ణి. అయినా ఆయనంటే ఇష్టం లేకపోలేదు. ఆయన భార్య పొద్దున పదిన్నరకు పెద్ద లోటాతో మజ్జిగ పంపితే, "పంతులప్పకు ముందు పోయండి" అనేవాడు. చదువుకున్నానని నన్ను పంతులప్పను చేశాడు.

అరవైలు మొదలైన కొత్తలో మూతి లేని బస్సులు వచ్చాయి. ఇంజను లోపలికి పోయి డ్రైవరు పక్కన చేరింది, ముందుభాగం చదునైంది. బెంగుళూరు టౌనులో అట్లాంటివి తిరుగుతున్నాయి. ధర్మవరంలో ఇంకో ఓనరు ఒకటి తెస్తున్నాడని విని మామ అన్నం సరిగా తినలేదు. నేనే వెంటపడి ఆర్డరు పెట్టించాను. చాసీ వచ్చిన రోజు హిందూపురం సగం రోడ్డు మీదే ఉంది. మద్రాసు నుంచి దాన్ని తోలుకొచ్చిన డ్రైవరు పైన కప్పు, పక్కన తలుపు ఏదీ లేకుండా ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్లద్దాలకు ఎర్రదుమ్ము పట్టించుకుని దిగాడు. "ముక్కు కోసేసినారు కదప్పా దీనికి!" అని ఎవరో అరిచారు. "ముక్కు లేకపోతే దిష్టిబొట్టు యాడ పెట్టేది?" అని ఇంకెవరో. అందరూ ఒకటే నవ్వు. ఆచారి మాత్రం చాసీ పక్కన కూర్చుని, నేల నుంచి దాని పట్టీ దాకా జానలతో కొలుస్తున్నాడు. రెండుసార్లు కొలిచి నా వైపు చూశాడు. "ఇది ఎత్తు శానా ఉండాదప్పా" అన్నాడు.

నేను బెంగుళూరు నుంచి తెప్పించిన ప్లాను ఉంది. నీలం కాగితం, తెల్ల గీతలు. మరుసటి రోజు షెడ్డులో బల్లమీద గొప్పగా పరిచాను. ఆచారి దాన్ని ఈ పక్క నుంచి చూశాడు, తిప్పి ఆ పక్క నుంచి చూశాడు.

"శానా బాగుండాది. అయితే ఇందులో మనిషి యాడుండాడప్పా?"

"మనిషిని గీయరు ఆచారీ. ఇది బస్సు ప్లాను."

"మనిషి లేకపోతే ఈ మెట్లెవరికి?"

షెడ్డులో నలుగురు పనివాళ్లున్నారు. పకపకా నవ్వారు. రివెట్లు కొట్టే ఆయన సుత్తి కిందపెట్టి మరీ నవ్వాడు. ఆచారి నవ్వలేదు. ఎగతాళికి అడగలేదు, తెలియకే అడిగాడు. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసినా నా చెవులు కాలిపోయాయి. మూడేళ్ల చదువు, నా కాగితం, నా ప్యాంటు అన్నీ ఆ నవ్వులో పోయినట్టనిపించింది.

ఆయన నా మొహం చూడలేదు. చూసి ఉంటే ఏమైనా అర్థమయ్యేదేమో. నేలమీద కూర్చుని, ప్లానులో మెట్టున్న చోట వేలు పెట్టి, తన లెక్క చెప్పుకుంటూ పోయాడు. "నేల నుంచి ఈడికి మూరెడు. అవ్వ కాలు జానెడు మీద రెండు వేళ్లు లేస్తాది, అంతే. ఈ రెండు మెట్లకు కింద ఇంకొకటి వేలాడేద్దాం. రెండు ఇనప పట్టీలు, ఒక టేకుపలక. ఒక పూట పని."

"చూద్దాంలే" అన్నాను.

సాయంత్రం మామ ఇంటి అరుగు మీద పంచాయతీ అయింది. మామ కుర్చీలో ఉన్నాడు, ఆచారి మెట్లకింద నిలబడ్డాడు, నేను మామ పక్కన. "ఏమప్పా, ఆచారి ఇంకో మెట్టు కావాలంటాండాడు. నువ్వేమంటావు?" అని మామ నన్నడిగాడు.

పెనుకొండ దాటి ధర్మవరం పోయే దారిలో అప్పుడొక పెద్ద వంక ఉండేది. వంతెన లేదు. ఇసుకలోంచి, రాళ్ల మీదుగా బస్సు దిగి ఎక్కేది. అది నా నోటికి దొరికింది. "వద్దు మామా. అంత కిందికి వేలాడితే వంకలో గాడి పక్క రాళ్లకు తగుల్తాది. మెట్టు విరిగి చక్రం కింద పడిందంటే బస్సు ఒరుగుతాది."

"కొలిచినావా?"

"కొలిచినా."

నేను వంకకు పోలేదు. టేపు నా బల్ల సొరుగులో ఉంది, దాని కాగితం కూడా విప్పలేదు.

ఆచారి ఏదో చెప్పడానికి నోరు తెరిచి ఉన్నాడు. వాదిస్తాడని నేను ఇంకో రెండు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. కొలిచినా అన్న మాట విని ఆయన తల ఊపాడు. "కొలిచినావా అప్పా? అయితే సరి. కొలత కొలతే. దానిమీద మాట ల్యా" అన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు.

దొంగతనం, తాగుడు, అబద్ధం, అన్నీ చూసినవాడే. కానీ ఒక మనిషి కొలవకుండా కొలిచానని చెప్పగలడని ఆయనకు తోచదు. ఆయన దగ్గర నేను గెలిచింది అట్లా. ఆ పూట నాకు సంతోషంగానే ఉంది, దాచుకోవడమెందుకు?

బస్సు తయారైంది. రేకుకు నీలం, తెలుపు రంగులు. ముందు పెద్ద అద్దం. మెత్తటి సీట్లు. ప్రారంభం రోజు తాసిల్దారు వచ్చాడు, రిబ్బను కట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆచారి ముందురోజే నా దగ్గరికి వచ్చి, "అవ్వను పిలిపించేదా?" అని అడిగాడు. "తాసిల్దారు ఎక్కేటప్పుడు ముందు అవ్వేంది ఆచారీ, బాగుండదు. ఆయన ఎక్కినాక చూద్దాం" అన్నాను. తాసిల్దారు పొడుగు మనిషి, బూట్లేసుకున్నాడు. టకటకా ఎక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మామ ఎక్కాడు, నేనెక్కాను, ఊరి పెద్దలెక్కారు.

అప్పుడు జనంలోంచి అవ్వ వచ్చింది. ఎవరూ పిలవలేదు. కొత్త బస్సు వచ్చిందంటే తను ఎక్కాలి, అంతే ఆమెకు తెలుసు. నెత్తిన గంప, గంపమీద రెండు చేతులు. తలుపు ముందుకు వచ్చి కాలెత్తింది. అందలేదు. ఇంకోసారి ఎత్తింది. అందలేదు. గంప దించి పక్కవాళ్లకిచ్చింది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది. చీర మోకాలి పైకి ఎత్తి, కాలు పైకి వేసి, వేలాడింది. జనం నవ్వారు. కండక్టరు పైనుంచి రెండు రెక్కలూ పట్టి లాగాడు, కిందినుంచి ఎవడో నడుం పట్టి తోశాడు. అట్లా ఆమెను లోపల పడేశారు. ముందు సీట్లో కూర్చుని చీర కిందికి లాక్కుంటోంది, లాక్కున్న చోటే మళ్లీ లాక్కుంటోంది. నేను రెండో సీట్లో ఉన్నాను.

ఆచారి కిటికీ దగ్గరికి వచ్చాడు. కొబ్బరిచిప్ప తెచ్చాడు, ఇవ్వలేదు.

అవ్వ ఆయన్ను చూసి, "ఏమబ్బా, నేను ముసలిదాన్నయిపోతినా?" అంది.

ఆ డెబ్బై దాటిన మనిషికి అప్పటిదాకా ఆ అనుమానం రాలేదు. మెట్టు తప్పు కావచ్చని ఆమెకు తట్టలేదు, ఎందుకంటే అది ఆచారి కట్టిన బస్సు. మా ప్లాను ఇట్లా ఉంది, ఓనరు వద్దన్నాడు అని ఆయన ఒక్క మాట అంటే చాలు. నావైపు వేలు చూపించినా చాలు. ఆయన కాసేపు తలుపు వైపు చూసి, "నువ్వు కాదవ్వా, నేనే అయిపోతి" అన్నాడు.

బస్సు బయలుదేరింది. దారిపొడుగునా జనం నిలబడి చూశారు, పెనుకొండలో పూలదండలు వేశారు. నాకు ఏదీ సరిగా గుర్తులేదు. పెనుకొండలో అవ్వను దించిన తీరు మాత్రం గుర్తుంది, అది రాయలేను.

అదే ఆమె ఆఖరు పెనుకొండ ప్రయాణం. పాత బస్సులు మూడూ ఇంకా తిరుగుతున్నా వాటిలోనూ ఎక్కలేదు. "కాళ్లు పోయినాయబ్బా నాకు" అని వీధిలో అందరికీ చెప్పి, ఇంటిముందే గంప పెట్టుకుని కూర్చుంది. ఆచారి పోయి బతిమాలాడట, పాత బస్సెక్కు, నీ కాళ్లు బాగుండాయి అని. "అబద్ధం చెప్పొద్దు, నీకు చేతకాదు" అందట. రెండో ఎండాకాలానికి పోయింది. కూతురే పెనుకొండ నుంచి వచ్చింది.

అవ్వ ఇంట్లో కూర్చున్న ఏడాది వానలు తగ్గాక, నేనొకసారి ధర్మవరం పోతున్నాను. కొత్త బస్సులోనే, కిటికీ పక్కన. బస్సు వంకలోకి దిగుతుంటే కింద ఒక మనిషి గొంతుకూర్చుని కనిపించాడు. ఒక తాడు, రెండు పుల్లలు. ఆచారి. చక్రాలు పోయే గాడి పక్కన రాళ్ల ఎత్తు కొలుస్తున్నాడు. బస్సు దగ్గరికి వస్తే లేచి ఒక పక్కకు జరిగాడు కానీ తలెత్తలేదు, మెట్టుకింద ఎంత జాగా ఉందో వంగి చూస్తున్నాడు. ధర్మవరానికి ఏ పనిమీద పోయానో ఆ పని చేయకుండానే తిరిగొచ్చాను.

వారం తర్వాత ఆఫీసుకు వచ్చాడు. తలుపు దగ్గర చెప్పులు విడిచాడు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు, అంతకుముందు ఆయన వస్తే ఎప్పుడూ లేవలేదు.

"కూర్చోప్పా" అన్నాడు. "వంకలో కొలిచినా. మెట్టు ఎంత పైకి ఎత్తి పెడితే సరిపోతాదో చూద్దామని పోయినా. ఎత్తేదే అక్కరలేదు. మనం అనుకున్నంత వేలాడేసినా ఇంకా కింద నాలుగు వేళ్ల జాగా ఉండాది. నాలుగుచోట్ల కొలిచినా."

నేను గోడమీది క్యాలెండరు చూస్తున్నాను.

"నువ్వు కొలిచినప్పుడు ఇసుక మేట వేసింటాది" అన్నాడు ఆయనే. "ఈ వానలకు కొట్టుకపోయుండాది. వంక గదా, ఒక్కో ఏడు ఒక్కోమాదిరి ఉంటాది."

ఒక్క మాట చాలు అప్పుడు. ఆఫీసులో మూడో మనిషి లేడు. ఎవరూ నవ్వేవాళ్లు లేరు. "అవునాచారీ, అప్పుడు ఇసుక శానా ఉండె" అన్నాను.

"అదే అనుకుంటి. అయితే ఇప్పుడు పెట్టేద్దామా?"

"మామను అడిగి చెప్తా."

అడగలేదు. అడిగితే మామ ఊరుకునేవాడు కాదు, "అప్పుడు జాగా ల్యా అంటివే" అని మొదలుపెట్టి చివరిదాకా లాగేవాడు. ఈ వారం కాదు, వచ్చే వారం అనుకున్నాను. ఆచారి మళ్లీ నోటితో అడగలేదు. ఎక్కడైనా ఎదురుపడితే గడ్డం కొంచెం పైకెత్తేవాడు, ఏమైందన్నట్టు. నేను అరచెయ్యి చూపించేవాణ్ణి, ఆగమన్నట్టు. బస్టాండులో, పెళ్లిళ్లలో, కూరగాయల అంగడి ముందు కూడా ఇదే. ఏడాది పైన నడిచింది. ఒకరోజు ఎదురుపడి, "బాగుండావా అప్పా" అని పలకరించి, గడ్డం ఎత్తకుండా పోయాడు. బతుకుజీవుడా అనుకున్నాను. ఇంటికి వచ్చాక చాలాసేపు ఏమీ తోచలేదు. ఆ గడ్డం ఎత్తడం పోయాక నాకు ఆయన దగ్గర ఏమీ మిగల్లేదని అప్పటికి అర్థం కాలేదు, ఇప్పుడవుతోంది.

తర్వాత బస్సులన్నీ మూతి లేనివే వచ్చాయి, బెంగుళూరులోనే బాడీ కట్టించి తెచ్చాము. అన్నింటికీ రెండే మెట్లు. ఆడవాళ్లు చీరలెత్తి ఎక్కడం, కండక్టర్లు రెక్క పట్టి లాగడం జనానికి అలవాటైపోయింది, దాన్ని చూసి నవ్వడం కూడా మానేశారు. షెడ్డు మూసేశాము. ఆచారి ధర్మవరంలో కూతురింటికి చేరి మగ్గాలు చేస్తున్నాడని విన్నాను. నేసేవాణ్ణి ముందు మగ్గానికి తవ్విన గుంతలో కూర్చోబెట్టి, కాళ్లు కొలిచి, ఆ తర్వాతే మగ్గం మొదలుపెడతాడని కండక్టరే చెప్పాడు. "నేసేటోళ్లంతా ఆయప్ప దగ్గరే క్యూ కడతాండారప్పా" అన్నాడు. పోయి చూద్దామనుకున్నాను. అనుకోవడానికేం, రోజూ మా బస్సులు నాలుగు పోతాయి అక్కడికి.

ఆచారి పోయాడని కండక్టరు చెప్పిన మర్నాడు పోయాను. ఇల్లు వెతుక్కోనక్కర లేకపోయింది, మగ్గాల ఆచారి అంటే వీధి వీధంతా చూపించింది. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి, "రా పంతులప్పా" అంది. కూతురు చాప వేసింది. ఎట్లా పోయాడని ఆయన భార్యను అడిగితే, జ్వరం, మూడు దినాలు, అంతే అంది.

"నీ మాట శానాసార్లు చెప్తాండె" అంది ఆ పెద్దామె. "చదువుకున్నోళ్లను శానామందిని చూసినా, ఆయప్ప మాదిరి కొలిచి మాట్లాడేటోళ్లు ల్యారు అనేవాడు."

నేను తల వంచుకున్నాను. ఆమె దాన్ని వేరేగా తీసుకుంది. "నిజమేప్పా, ఊరికే చెప్పడం ల్యా. ఆ బస్సు మెట్టు మాత్రం మనసులో పెట్టుకున్యాడు. అవ్వ కాళ్లు పోయింది నావల్లే అని. పంతులప్ప కొలిచినాడు గదా అని నేను ఊరికే ఉంటి, నేను గూడా ఒకసారి పోయి చూసింటే ఇసుక తీయించయినా మెట్టు పెట్టుందును, నాదే తప్పు, నాదే తప్పు అని జ్వరంలో గూడా అదే మాట."

ఇంక నావల్ల కాలేదు. "నేను కొలవలేదమ్మా" అన్నాను.

"ఏంది?"

"ఆ వంకలో నేను కొలవలేదు. అసలు పోనేలేదు. కొలిచినానని మా మామకు అబద్ధం చెప్పినా. షెడ్డులో అందరూ నవ్విరని కోపమొచ్చింది నాకు. జాగా అప్పుడు గూడా ఉండింటాది."

తలుపు దగ్గర కూతురు నిలబడింది, చేతిలో నీళ్ల చెంబు. తిడతారనుకున్నాను. తిట్టించుకోవాలనే ఉంది నాకు, చెప్పు తీసుకుని కొట్టినా సరే అనుకుని కూర్చున్నాను. ఆ పెద్దామె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఈ మాట ఆయనతో చెప్పకపోతివే అప్పా" అంది. "చెప్పింటే నవ్వి ఊరుకునేవాడు. మరుసటి దినమే మెట్టు చేసి పెట్టేవాడు."